అడ్డుపలకలు లేని పెట్టె

గ్రీజు పెట్టెని చెప్పిన ధరలో సగానికి కొన్న మొనగాడు విశాఖపట్నం మొత్తంలో నేనొక్కణ్ణే. ఈ మాట ఎవరి ముందైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. హోటలు పెట్టేవాళ్ళు పొయ్యిలు కొంటారు, గిన్నెలు కొంటారు, వాటి దగ్గర బేరమాడతారు. అది ఎవరైనా చేస్తారు. అంట్లు కడిగిన నీళ్ళలోంచి నూనెని పట్టి ఆపే ఇనప్పెట్టె దగ్గర, అందులోనూ కార్పొరేషన్ ఇంజినీరు కొలతలు చెప్పి మరీ పెట్టమన్న పెట్టె దగ్గర, బేరమాడి నెగ్గినవాణ్ణి చూడాలంటే మాత్రం మల్కాపురం వచ్చి నన్ను చూసుకోవాలి. విశాఖ పాత ఊళ్ళో మా నాన్నది కిరాణా కొట్టు, ఎదర మా పెదనాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు, పక్కన మేనమామది బట్టల కొట్టు. నాకు మాటల కంటే ముందు బేరాలు వచ్చాయని మా అమ్మ అంటుంది. కాబట్టి ఆ గెలుపులో నా గొప్ప కంటే మా వంశం గొప్పే ఎక్కువ.

ఆ గెలుపు వాసన ఎలా ఉంటుందో కూడా నాకు బాగా తెలుసు. ఈవేళ పొద్దున్నే మళ్ళీ పీల్చాను. వారానికోసారి, పొయ్యిలు వెలిగించకముందు, వంటింటి వెనకాల నేలలో పాతిన పెట్టె మూత నేనే ఎత్తుతాను. మూత కదలగానే పులిసిన పెరుగూ, మాడిన నూనే, తడిసిన కోడి ఈకలూ కలిపి ఎవరో మొహాన కొట్టినట్టు ఉంటుంది. రిఫైనరీ వైపు నుంచి గాలి తిరిగిందంటే దాని మీద కిరసనాయిలు తాళింపు. లోపల నీళ్ళ మీద తెల్లగా, దళసరిగా, పాల మీద మీగడలా కొవ్వు పేరుకుని ఉంటుంది. వెదురుకర్ర గుచ్చి మందం చూస్తాను. కర్ర చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నా వెనక ఒక ఆడమనిషి నిలబడి, "అడుగుదాకా పెట్టావా, పైపైన ముంచావా?" అని అడుగుతున్నట్టే అనిపిస్తుంది. ఆవిడ సుగుణ మేడమ్. మా ప్రాంతం డ్రైనేజీ లైన్లన్నీ చూసిన ఇంజినీరు. హోటలు నడపడం నాకు వంటవాళ్ళు నేర్పారు, కొనడం అమ్మడం మా నాన్న నేర్పాడు, ఎక్కడ బేరం ఆపాలో ఆవిడ నేర్పింది.

మా వీధి హార్బరు వైపు పల్లంగా దిగుతుంది. ఎగువన మా హోటలు, కింద వరసగా ఇళ్ళు, అన్నిటికంటే పల్లంలో ఎల్లయ్య మావ ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు, పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన, అందరికీ మావే. వీధి లైను ఎక్కడ పూడుకున్నా మురుగు ముందు ఎగదన్నేది ఆయన బాత్రూంలోకి. అప్పటికి ఒకసారి పొంగింది. మేం సానుభూతి చూపించాం. రెండోసారి పొంగినప్పుడు ఆయన లుంగీ ఎగ్గట్టుకుని తిన్నగా మా గల్లాపెట్టె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఒరే నూకరాజు, నీ బిర్యానీ డబ్బులిచ్చినోడికి పెట్టు, నానొద్దన్నానా? మిగిలింది నా బాత్రూంలోకి ఎందుకు పంపుతన్నావురా? నానేటి ఆర్డరిచ్చానా?"

"అది నా నీళ్ళే అని రాసుందేటి మావా?" అన్నాను. తింటున్నవాళ్ళు నవ్వారు. గెలిచాననుకున్నాను. మావ తిన్నగా ఇంటికి పోయి కార్పొరేషన్‌కి ఫోన్ చేశాడు.

మర్నాడు సుగుణ మేడమ్ వచ్చింది. యాభై దాటిన మనిషి, నూలు చీర, మెడలో సన్నటి సిలువ గొలుసు, కాళ్ళకి గుడ్డ బూట్లు, ఒక చేతిలో నల్ల గొడుగు, ఇంకో చేతిలో ఎర్ర గీతలు గీసిన వెదురుకర్ర. నాతో మాట్లాడకుండానే మా హోటలుకి దిగువనున్న మేన్‌హోల్ మూత తీయించి, కర్ర లోపల పెట్టి తిప్పి, పైకి లాగి నా ముక్కు ముందు పెట్టింది. కర్రకి తెల్లటి మైనంలాంటిది అంటుకుని ఉంది.

"ఏంటిది?"

"నాకేటి తెలుసు మేడమ్, ఎవరింటి సబ్బో."

"సబ్బైతే నురగ రావాలి. రుద్ది చూడు."

రుద్దాను. నురగ రాలేదు. "వాసన చూడు" అంది. చూడకూడదని అప్పుడు తెలిసింది కానీ అప్పటికే చూసేశాను. మా ఆవిడ పైడమ్మ బిర్యానీ మసాలాలో లవంగం కాస్త ఎక్కువ వేస్తుంది. ఆ మురుగులో కూడా ఆ లవంగం నన్ను పేరుపెట్టి పిలిచింది. నా మొహమే మేడమ్‌కి జవాబు చెప్పేసింది. లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చుని టీ చెప్పి, అంట్ల తొట్టిలోంచి ఒక గాజు గ్లాసుడు నీళ్ళు ముంచుకు రమ్మంది.

వేడివేడి కుడితిలా ఉన్న ఆ గ్లాసు మా మధ్య బల్ల మీద పెట్టుకుని పెట్టె సంగతి చెప్పింది. వేడి నీళ్ళలో నూనె కరిగినట్టే ఉండి గొట్టంలోకి జారుతుందనీ, అక్కడ చల్లబడి గోడలకి గడ్డకడుతుందనీ, దానికి మెతుకులూ టీపొడీ అతుక్కుని గొట్టం మూసుకుపోతుందనీ. అందుకని నీళ్ళు బయటికి పోకముందే నూనెని తేల్చి ఆపే పెట్టె కావాలి. దాని పొడవూ వెడల్పూ లోతూ చెప్పింది. నా నోరు అలవాటుగా తెరుచుకుంది.

"అంతదెందుకు మేడమ్? మాది చిన్న హోటలు. ఇందులో సగం చాల్దా?"

"చాలదు."

"పోనీండి, మీ మాటా వద్దు, నా మాటా వద్దు. ముప్పాతిక చేసుకుందాం."

ఆవిడ పకపకా నవ్వింది. సర్కారు మనిషి అలా నవ్వగా నేను అంతకుముందు వినలేదు. "బేరం నాతో ఎందుకయ్యా, నీళ్ళతో ఆడు. నీళ్ళు ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను. ఆ గ్లాసు చూడు." చూశాను. ఆవిడ టీ తాగడం మొదలుపెట్టినప్పుడు ఒకటే బురదగా ఉన్న గ్లాసులో ఇప్పుడు అడుగున మెతుకులు, మధ్యలో నీళ్ళు, పైన పసుపురంగు నూనె పొర విడివిడిగా ఉన్నాయి. "నేను టీ తాగినంతసేపు పట్టింది. ఆ కాసేపు నీళ్ళని కుదురుగా నిలబెట్టే చోటే పెట్టె. నువ్వు ఇనుము కొంటున్నానని అనుకోకు. పెట్టె చిన్నదైతే నీళ్ళు నిలబడవు, నూనెని వెంటేసుకునే పోతాయి." లేచి వెళ్తూ ఇంకో మాట అంది. "ఇంకొక్కసారి నీ నూనెతో ఈ లైను పూడిందా, నీ గొట్టానికి బిరడా కొట్టించేస్తాను. చెప్పలేదనొద్దు."

బిరడా అంటే నా గొట్టం వీధి లైనులో కలిసేచోట మూసెయ్యడం. నీళ్ళు పోయే దారి లేకపోతే అంట్లు తోమలేం, అంట్లు తోమకపోతే హోటలు లేదు. ఆ నెలలోనే రిఫైనరీలో కాంట్రాక్టు కూలీలకి షిఫ్టు భోజనం పార్సిళ్ళ ఆర్డరు నాకు దొరికింది. దాన్ని నమ్ముకుని వంటిల్లు పెంచి అప్పు చేశాను. ఆ ఆర్డరు పోతే హోటలు పోయినట్టే. అందుకని పెట్టె పెట్టించక తప్పదని ఒప్పుకున్నాను. అయితే పెట్టెకి పూర్తి ధర పెట్టక తప్పదని మాత్రం నా ప్రాణం ఒప్పుకోలేదు.

పాత ఊళ్ళో బషీర్ భాయ్‌ది రేకుల పని. మా నాన్న కొట్టుకి పప్పుల డబ్బాలు చేసిచ్చిన మనిషి. కొలతలు విని, సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీశాడు. "బయట డబ్బా ఇంత. లోపల రెండు పలకలు రాజు భాయ్. ఒకటి పైనుంచి దిగుతుంది, ఒకటి కిందనుంచి లేస్తుంది. నీళ్ళు కిందకీ మీదకీ తిరిగి పోవాలి, సీదా పోకూడదు. మెతుకులకి ఒక జల్లెడ తొట్టి." ధర చెప్పాడు. నేను లేచి గుమ్మందాకా వెళ్ళాను. పిలవలేదు. నేనే తిరిగొచ్చి కూర్చున్నాను. మళ్ళీ లేచాను. ఇలా కాసేపు అయ్యాక నాకు బుర్రలో దీపం వెలిగింది.

"భాయ్, మేడమ్ టేపు పెట్టేది బయట. లోపల ఎవడు చూస్తాడు? ఆ పలకలు తీసెయ్."

"నీళ్ళు చూస్తాయి కదా!"

"నీళ్ళ దగ్గర టేపుందేటి?"

బషీర్ భాయ్ సుద్దముక్క కింద పెట్టేశాడు. "పలకల్లేకపోతే ఇది వట్టి డబ్బా. మీ నాన్న నా దగ్గర ఎన్నో కొన్నాడు, వట్టి డబ్బా ఎప్పుడూ కొనలేదు."

"మా నాన్న పప్పులు పోసుకున్నాడు, నాను మురుగు పోసుకుంటాను. మురుగుకి మేడలూ గదులూ ఎందుకు?"

ఆయన బొమ్మలో పలకల గీతలు చేత్తో చెరిపేశాడు. పలకలూ తొట్టీ తీసేసి, వాటి కూలీ తీసేసి, రేకు మందం కూడా ఒక వరస తగ్గించి, సగం ధరకి తెగ్గొట్టాను. పెట్టె ఆటోలో ఎక్కిస్తుంటే బషీర్ భాయ్ చెవి దగ్గరకొచ్చి అన్నాడు. "ఇది నేను చేశానని ఎవరికీ చెప్పకు బేటా." అది కూడా నాకు పొగడ్తలాగే వినిపించింది. ఇంటికొచ్చి పైడమ్మ ముందు మీసం తిప్పితే, ఆవిడ పెట్టెలోకి తొంగిచూసి, "ఏటి గెలిసినావు? గాలా?" అంది.

మేడమ్ చూడ్డానికి వచ్చేరోజుకి పెట్టెని పాతించి, లోపల ఏమీ కనపడకుండా అంట్ల నీళ్ళు నింపి ఉంచాను. ఆవిడ ఆ రోజు పట్టుచీర కట్టుకుని వచ్చింది. తగరపువలసలో మేనకోడలి పెళ్ళి, ఇటునుంచి ఇటే వెళ్ళాలంది. ఇంకేముంది, నా పంట పండింది. పెళ్ళికొడుకేం చేస్తాడన్నాను, హైవే మీద ట్రాఫిక్ అన్నాను, చర్చిలో పెళ్ళి టైముకి మొదలైపోతుంది కదా మేడమ్ అన్నాను. టేపు పెట్టి బయటి కొలతలు చూసింది. సరిపోయాయి. "కర్ర ఆఫీసు జీపులో ఉండిపోయింది" అంది. "నూనె ఎలా తేలుతుందో చూడండి మేడమ్, అచ్చం మీరు చెప్పినట్టే!" అన్నాను. ఆవిడ నా మొహం వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. ఒక పిల్లాడు లెక్క సరిగ్గా చేసినప్పుడు టీచరు చూసే చూపు అది. సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

నీళ్ళు నాతో బేరం ఆడలేదు. వచ్చిన దారిన వచ్చి, పోవలసిన దారిన తిన్నగా పోయాయి, నూనెతో సహా. కొన్ని నెలలు ఏమీ తెలియలేదు. ఒక ఆదివారం, బిర్యానీ అయ్యి, షిఫ్టు పార్సిళ్ళు కడుతున్న సమయానికి, ఎల్లయ్య మావ మోకాళ్ళదాకా తడిసి వచ్చాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు. "నూకరాజూ, హాల్లోకి వచ్చీసిందిరా" అన్నాడంతే.

నాకు ఆయన హాలు కనపడలేదు. బిరడా కనపడింది. మేడమ్‌కి తెలిసేలోపు లైను తెరిపించెయ్యాలి. కాలవలు తవ్వే పనులకి వెళ్ళే ఒకతన్ని ఎవరో పిలుచుకొచ్చారు. మేన్‌హోల్‌లోకి దిగి, గెడతో పొడిచి, అడ్డు తీసేస్తానన్నాడు. కూలి అడిగాడు. నా ఇల్లు మునగలేదు కానీ నా హోటలు మునుగుతోంది. అలాంటి వేళ కూడా నా నోరు ఊరుకుందా? "లోపల ఎంతసేపుంటావేటి? పావుగంట పనికి అంతా?" అన్నాను. కాస్త తగ్గించాడు. ఇంకాస్త తగ్గించాను. సరేనని చొక్కా విప్పి నడుముకి తాడు కట్టుకున్నాడు. మూత తీశాం.

మావ నా దగ్గరికి రాకముందే మేడమ్‌కి ఫోన్ చేసి వచ్చాడని నాకు తెలియదు. వీధి మలుపులో ఆటో ఆగింది. చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, తెల్లచీర, సంచిలో బైబిలు, చేతిలో ఆ గొడుగు. మేడమ్ నన్ను చూడలేదు. తాడు కట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్ళింది.

"నీ పేరేంటి బాబూ?"

"ఎర్రయ్యండి."

అతని పేరు నాకు అప్పుడే తెలిసింది. ధర ఖాయం చేసుకున్నాను కానీ పేరు అడగలేదు.

"తాడు విప్పు ఎర్రయ్యా. నూకరాజూ, మూత వెయ్యి."

"మేడమ్, పావుగంటలో అయిపోద్ది..."

"వెయ్యి."

వేశాను. ఆవిడ మా హోటల్లోకి వెళ్ళి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తనే మోసుకొచ్చి, సరిగ్గా ఆ మూత మీద వేసి, కూర్చుని గొడుగు తెరిచింది. "లైన్లు కడిగే మెషిన్‌కి చెప్పాను. గాజువాక అవతల పనిలో ఉందట. వచ్చేదాకా ఇందులో ఎవరూ దిగరు. దించాలంటే ముందు నన్ను లేపాలి. నువ్వు ముందు లోపలికెళ్ళి నీ కొళాయిలన్నీ కట్టు."

నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. తాడుందన్నాను, పైన నలుగురం ఉన్నామన్నాను, అతను అలవాటున్నవాడే అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. "లోపల గాలికి అలవాటు పడ్డవాళ్ళు ఎవరూ ఉండరు. ఒక్క పీల్పు చాలు, మళ్ళీ పీల్చడం ఉండదు. తాడుంది, నిజమే, పైకి లాగుతావు. ఏం లాగుతావో తెలుసా?" నా ఎరికలో ఒక బేరంలో నాకు మాట దొరక్కపోవడం అదే మొదలు.

ఎల్లయ్య మావకి ఓర్పు చచ్చింది. "నా ఇల్లు మునిగిపోతంది తల్లీ! ఆడు దిగుతానంటన్నాడు కదా, దిగనియ్!"

"ఇల్లు కడుక్కోవచ్చు బాబాయ్" అంది ఆవిడ.

మావ ఇంకో మాట అనబోయి, ఎర్రయ్య వైపు చూశాడు. ఎర్రయ్య చొక్కా తొడుక్కుంటున్నాడు. మావ మా మెట్ల మీద కూలబడి తల తుడుచుకున్నాడు. పైడమ్మ అందరికీ విస్తరాకుల్లో బిర్యానీ పెట్టింది, ప్లేట్లు కడగడానికి నీళ్ళు వాడకూడదు కదా. వచ్చిన గిరాకీని నేను గుమ్మంలోంచే వెనక్కి పంపాను. ఎండ దిగింది, కుర్చీ నీడ వీధికి అడ్డంగా సాగింది, ఆవిడ మాత్రం కదలలేదు. ఎర్రయ్య గొడుగు పట్టుకుంటానన్నాడు. "వద్దయ్యా, నా చేతులు బాగానే ఉన్నాయి" అని, వాళ్ళ ఊరేదని అడిగింది, పిల్లలేం చదువుతున్నారని అడిగింది.

సాయంకాలానికి మెషిన్ వచ్చింది. నీళ్ళ పోటుకి గొట్టంలోంచి తెల్లటి గడ్డలు కొబ్బరిచిప్పలంతేసి ఊడి పడ్డాయి. లవంగం వాసన వీధంతా కొట్టింది. మావ ఇంట్లో మురుగు గుడగుడలాడుతూ దిగిపోయింది. అప్పుడు మేడమ్ కుర్చీలోంచి లేచి, నడుం సరిచేసుకుని, మెషిన్ వాళ్ళ దగ్గర కర్ర తీసుకుని మా వంటింటి వెనక్కి నడిచింది. పెట్టె మూత తీయించింది. కర్ర ఆ చివర పెట్టి ఈ చివరికి లాగింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. ఒట్టి గాబులో గరిట తిప్పినట్టు తిరిగొచ్చింది.

"పలకలేవి నూకరాజూ?"

"బషీర్ భాయ్ కొట్లో ఉన్నాయి మేడమ్."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. అరుపులకి నా దగ్గర మందుంది. "సగం తప్పు నాది. ఆ రోజు కర్ర పెట్టలేదు. నీ మొహం చూసి సంతకం పెట్టాను" అని, మెషిన్‌తో వచ్చినవాళ్ళకి బిరడా కొట్టమని చెప్పింది.

"మేడమ్, మరి నా హోటలు?"

"మూసేస్తున్నాను."

"సగం తప్పు మీదన్నారు కదా! సగమే మూయండి!"

నా నోట్లోంచి వచ్చిన మాటకి నేనే బిత్తరపోయాను. పైడమ్మ నెత్తి కొట్టుకుంది. మేడమ్ మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వు ఆపుకుందని భుజాలు చెప్పేశాయి. నవ్వు ఆపుకుంది కానీ బిరడా ఆపలేదు.

బషీర్ భాయ్ దగ్గరికి వెళితే, పలకలు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి. నేను తిరిగొస్తానని ముందే కోసి ఉంచాడు. ధర చెప్పాడు, తీసి ఇచ్చాను. "బేరం ఆడవేం?" అన్నాడు. "ఆడీసాను భాయ్, ఇదివరకే" అన్నాను. ఆయన తనే వచ్చి, పల్చటి రేకు తీసేసి దళసరి రేకు వేసి, పలకలూ జల్లెడ తొట్టీ బిగించి వెళ్ళాడు. మేడమ్ వచ్చి కర్ర పెట్టింది. కర్ర మొదటి పలకకి తగిలి టంగుమంది. ఇంత తియ్యని చప్పుడు మా గల్లాపెట్టెలో కూడా ఎప్పుడూ వినలేదు. గొట్టం తెరిపించింది. అప్పటికి షిఫ్టు పార్సిళ్ళ ఆర్డరు వేరే హోటలుకి వెళ్ళిపోయింది. ఆకలైన కూలీలు నా కోసం ఎన్నాళ్ళు ఆగుతారు?

తరవాత ఆఫీసులో ఆవిణ్ణి సంజాయిషీ అడిగారని విన్నాను. పలకల్లేని పెట్టెకి సంతకం ఎలా పెట్టారని. నాకు నిద్ర పట్టలేదు. ఎదురుపడ్డప్పుడు, "నా పేరు చెప్పేస్తే సరిపోను కదా మేడమ్, మోసం చేసింది నాను" అన్నాను. "నీ పేరు చెప్పాను. నా పేరు కూడా చెప్పాను. రెండూ నిజమే కదా" అంది. నాకు తెలిసిన వ్యాపారంలో తప్పు ఎప్పుడూ ఎదుటివాడి తూకంలోనే ఉంటుంది. తన తూకం తనే చూసుకుని తప్పుందని చెప్పినవాళ్ళని నేను అప్పటిదాకా చూడలేదు.

ఆ తరవాత ఆవిడ నన్ను వింతగా వాడుకుంది. వీధుల్లో హోటళ్ళకీ, మిఠాయి కొట్లకీ, బజ్జీల బళ్ళకీ పెట్టెల సంగతి చెప్పడానికి వెళ్ళేటప్పుడు ఫోన్ చేసి రమ్మనేది. "నువ్వు మాట్లాడు. వాళ్ళు చెప్పబోయే అబద్ధాలు నీకు ముందే తెలుసు" అనేది. నిజమే, అన్నీ నేను వాడినవే. అంట్లు తోమేముందు ప్లేట్లనీ కళాయిల్నీ పాత కాగితంతో తుడవాలనీ, మాడిన నూనె తొట్టిలో పొయ్యకుండా డబ్బాలో దాచి బయోడీజిల్ వాళ్ళకి అమ్మాలనీ, సలసల కాగే నీళ్ళు పోసి గొట్టం తెరుచుకుందని మురిసిపోతే ఆ కొవ్వు కిందింటివాడి గొట్టంలో పేరుకుంటుందనీ ఆవిడ చెప్పేది. డబ్బాల నూనెకి రేటెంతొస్తుందో నేను చెప్పేవాణ్ణి. వాళ్ళు నా మాట ముందు వినేవాళ్ళు, ఆవిడ మాట తరవాత నమ్మేవాళ్ళు.

ఒకసారి ఒక మిఠాయి కొట్టు బాబూరావు తన పెట్టె మూత తీసి చూపించాడు. లోపల పలకలు తళతళలాడుతున్నాయి. మేడమ్ ముచ్చటపడింది. నాకు మాత్రం మా మేనమామ కొట్టు అద్దాలబీరువాలో పెట్టే చీర గుర్తొచ్చింది, చూపించడానికే తప్ప అమ్మడానికి కానిది. "మేడమ్, రోజూ జిలేబీలు వేసే కొట్లో పెట్టె ఇంత శుభ్రంగా ఉంటాదేటి? అంట్ల గొట్టం పెట్టెలోకి దిగకుండా పక్కనుంచి పోతంది, చూడండి" అన్నాను. పోతోంది. బాబూరావు నా మీద పడ్డాడు. "ఒరే బావా, నువ్వు కొట్టోడివా, కార్పొరేషనోడివా? మనోళ్ళ పరువు తీసేత్తన్నావ్!" "నా పరువు ముందే పోనాది బావా, నీది కాపాడదామనే" అన్నాను. మేడమ్ ఆ పూట దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. నాలో ఉన్న ఎత్తుల్ని మార్చాలని ఆవిడ చూడలేదు. వాటిని ఏ వైపు తిప్పాలో చూపించింది. అందుకే నేను మారకుండానే బాగుపడ్డాను.

రిటైరయ్యాక ఆవిడ సీతమ్మధారలో చెల్లెలి దగ్గర ఉండేది. పోయిన వానాకాలంలో పోయింది. చర్చిలో ప్రార్థన దగ్గర చివరి వరసలో నిలబడి ఉంటే, పక్కన ఒక మనిషి తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి దణ్ణం పెట్టాడు. "ఎర్రయ్యా" అన్నాను. పేరుపెట్టి పిలిచినందుకు ఆశ్చర్యపోయాడు. బయటికొచ్చాక చెట్టు కింద కాసేపు మాట్లాడుకున్నాం. "ఆయమ్మ ఆరోజు నా కూలి చెడగొట్టిందని మా ఇంటిదాని కాడ తిట్టుకున్నానండి. తరవాత వేరే ఊళ్ళో మావోడొకడు దిగినాడు, తాడుతోనే పైకి లాగినారు" అని తువ్వాలు మళ్ళీ తలకి చుట్టుకున్నాడు. ఏం లాగారో నాకు తెలుసు.

ఇప్పటికీ నేను బేరాలాడతాను. కూరగాయలకి ఆడతాను, గ్యాసు పొయ్యి బాగుచేసేవాడితో ఆడతాను, అది పోతే నేను నేను కాను. గ్రీజు తోడే బండివాళ్ళతోనూ, డ్రైనేజీ పని చేసే ఏ మనిషితోనూ ఆడను. ముందు పేరు అడుగుతాను, తరవాత అడిగింది ఇస్తాను.

ఇక ఆ పెట్టె బిల్లు. మా నాన్న నేర్పినట్టు, ఏమీ దాచకుండా వేస్తాను. లాభం వైపు రెండు పలకలూ, ఒక జల్లెడ తొట్టీ, కాస్త రేకు మందం. నష్టం వైపు చివరికి కొనక తప్పని అవే పలకలు, ఎల్లయ్య మావ హాలు కడిగించి సున్నం వేయించిన ఖర్చు, మూసిన రోజుల గిరాకీ, తిరిగి రాని షిఫ్టు పార్సిళ్ళు, వాటిని నమ్ముకుని చేసిన అప్పుకి కట్టిన వడ్డీ. మేడమ్ ఇచ్చుకున్న సంజాయిషీకి ధర కట్టలేను, అది బాకీగానే ఉంటుంది. ఒక వరస మిగిలింది. ఎర్రయ్యతో నేను బేరమాడి ఖాయం చేసిన కూలి. ఆ రెండు పలకల్లో నేను మిగుల్చుకున్న సొమ్ము కంటే అది తక్కువ. అంత తక్కువకి నేను ఒక మనిషిని కొనబోయాను, అప్పుడు కూడా కాస్త తగ్గించమనే అడిగాను. ఆ వరసకి ఎదురుగా నష్టం వైపు సున్నా ఉంది, పైసా పోలేదు, ప్రాణమూ పోలేదు. ఆ సున్నా నాకు ఊరికే రాలేదు. మధ్యాహ్నం నుంచి సాయంకాలందాకా ఒకావిడ ఎండలో కూర్చుంటే వచ్చింది.